తెనెబ్రోసో

కటికచీకటి నేపథ్యమునుండి ఏకముఖముగా ప్రసరించు కాంతిచే మూర్తిని వెలికి దెచ్చు పదునేడవ శతాబ్దపు తైలచిత్రరీతిని ‘తెనెబ్రోసో’ అను ఇటలీ మాటతో వ్యవహరింతురు. దీనికి మూలమైన లాటిను ‘తెనెబ్రే’, సంస్కృతపు ‘తమిస్ర’ ఒక్క తల్లి బిడ్డలే. రెంటికిని చీకటియే అర్థము.

ఈ రీతికి ఆద్యుడైన కారవాజ్జో (1571–1610) తొలినాళ్లలో, అది యింకను పూర్ణపరిణతి నొందకముందే, రచించిన ల్యూట్ వాద్యకారుని చిత్రము సెంట్ పీటర్స్‌బర్గులోని ఎర్మితాజ్ చిత్రశాలలో నున్నది. అర్ధోన్మీలితములైన యువకుని పెదవులపైనను, తంత్రుల మీది వ్రేళ్లపైనను, ముందు తెరచియున్న సంగీతపుస్తకముపైనను వెలుగు పడుచుండగా, ఆ వాద్యపు పలకమీది సన్నని పగులు సైతము దాగక కానవచ్చును. ఆ పగులును జూచినప్పుడెల్ల నాకు మనసు కరగును.

ఇక తెనుగు పేరు మాట. ‘కియరోస్కూరో’ అను మరియొక ఇటలీ చిత్రకళాపదమునకు మన ‘వెలుగునీడలు’ చక్కగా సరిపోవును. తెనెబ్రోసోకు మాత్రము ‘తామసచిత్రము’ అన్నచో తమోగుణము స్ఫురించి, చిత్రకారునకు అన్యాయము జరుగును. కనుక ‘తమిస్రచిత్రణము’ అనుటయే నాకు సమ్మతము.