మేఘం ఒప్పుకున్న రోజే కొండ

ఫయాల్ దీవిలోని ఓర్టా రేవులో ఉదయం ఏడు కావస్తోంది. జూన్ నెల అయినా గాలి చొక్కాలోంచి దూరిపోతోంది. ఎనిమిది కిలోమీటర్ల నీటికి అవతల పీకో దీవి ఉండాలి. దాని మీద 2,351 మీటర్ల అగ్నిపర్వతం, పోర్చుగల్ మొత్తంలోకీ ఎత్తైన శిఖరం, కనబడాలి. మీకు కనిపిస్తున్నది నల్లటి తీరం, దాని పైన బూడిదరంగు మబ్బు, అంతే.

టికెట్లిచ్చే ఆవిడ కిటికీలోంచి ఆ మబ్బును ఓసారి చూసి తల అడ్డంగా ఊపుతుంది. మీ కాగితం మీద ఇవాళే కొండ అని రాసుంది. కొట్టేయండి.

అజోర్స్ వెళ్తామనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: గదులు ముందే మాట్లాడుకోండి, రోజుల్ని మాత్రం ఖాయం చేసుకోకండి. లిస్బన్ నుంచి దాదాపు 1,400 కిలోమీటర్లు అట్లాంటిక్‌లోకి వచ్చాక, మూడు భూఫలకాలు కలిసేచోట, నీళ్లలోంచి లేచిన తొమ్మిది దీవులివి. తొమ్మిదీ చూసేద్దామనుకుంటే చివరికి చూసేది విమానాశ్రయాలే. ఫయాల్, పీకో, సాన్ జోర్జ్ చాలు. ఒకదాని ఒడ్డున నిలబడితే ఇంకోటి కనిపిస్తుంది, పడవల మీదే తిరగొచ్చు. కొండ కుదరకపోతే ఆ రోజుకు తిమింగలాలున్నాయి.

అరగంటలో పడవ మిమ్మల్ని పీకోలోని మడలేనాలో దింపుతుంది. రోడ్డు పక్కన లావా రాళ్లు పేర్చి కట్టిన నల్లటి గోడలు, వాటి మధ్య ఒక్కో గడిలో కొన్ని ద్రాక్ష తీగలు. 2004లో యునెస్కో గుర్తించిన తోటలు. మీరు ఆగరు, లాజెష్‌లో తిమింగలాల పడవకు టైమైపోతోంది.

అక్కడ రెండు రకాల పడవలు. గాలి నింపిన రబ్బరుది వేగంగా పోతుంది, నడుముకు పరీక్ష పెడుతుంది. మీది ఏ వయసో మీకు తెలుసు. జాకెట్ తొడుక్కుని కూర్చున్నాక గైడ్ రేడియోలో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. అవతలి గొంతు నీటి మీద లేదు, ఒడ్డున కొండచరియ మీది చిన్న గదిలో ఉంది. అక్కడొక మనిషి పొద్దున్నుంచీ పెద్ద బైనాక్యులర్స్‌తో సముద్రాన్ని జల్లెడ పడుతున్నాడు. ఇలాంటివాళ్లను ఇక్కడ విజియాలంటారు. ఒకప్పుడు ఇలాంటి గదుల్లోంచే తిమింగలం కనబడగానే తారాజువ్వ వదిలేవారు. పొలాల్లో ఉన్నవాళ్లు పని వదిలేసి రేవుకు పరిగెత్తేవారు. పడవకు ఏడుగురు, చేత్తో విసిరే ఈటె. చివరి తిమింగలాన్ని 1987లో చంపారు. చూపు అదే, గది అదే. ఇప్పుడా కబురు ఈటెకు కాదు, కెమెరాకు.

ఇంజన్ ఆపారు. గైడ్ ఒక మైక్‌ను నీళ్లలోకి దించి స్పీకర్ పెంచాడు. ఎవరో గోడ అవతల చిన్న సుత్తితో కొడుతున్నట్టు టక్, టక్, టక్. కింద ఎక్కడో చీకట్లో స్పెర్మ్ తిమింగలం ఆ చప్పుడుతోనే తిండి వెతుక్కుంటోంది. అది నీళ్లలోకి దిగితే ముప్పావుగంట దాకా పైకి రాకపోవచ్చు. మీ కడుపులో తిప్పడం మొదలైంది. దూరంగా ఒకేచోట చూస్తూ ఉండండి.

చప్పుడు ఆగింది. అందరి తలలూ తిరిగాయి. ఎడమవైపుకు వాలిన ఆవిరి, దాని కింద ముడతలు పడ్డ వీపు. పడవ వెనకనుంచి, పక్కగా, నెమ్మదిగా పోతుంది, ఎదురెళ్లడం నిషిద్ధం. పది నిమిషాలు ఊపిరి పీల్చుకుని అది వీపు వంచింది. తోక నిటారుగా లేచి, నీళ్లు కారుస్తూ లోపలికి జారిపోయింది. మీరు ఫోటో తీయడం మరిచిపోయారు. మంచిదే. నీలి తిమింగలం కావాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో రావాల్సింది. ఆ నెలల్లో కొండ మీద మబ్బు ఇంకా మొండిగా కూర్చుంటుంది, రెండిట్లో ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

చీకటి పడ్డాక కిటికీ తెరవండి. సముద్రం మీది నుంచి గూళ్లకు తిరిగొస్తున్న కగారు పక్షులు, ముక్కుగొంతుతో, ఒకటి అరుపు మొదలుపెడితే ఇంకోటి అందుకుంటూ. శరదృతువు చివర్లో వీటి పిల్లలు వీధిదీపాలకు కళ్లు చెదిరి రోడ్ల మీద పడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని అట్టపెట్టెల్లో పెట్టి, తెల్లారాక సముద్రం ఒడ్డున వదిలేస్తారు.

మూడో రోజు తెల్లవారుజామున కొండ బయటపడింది, మొత్తంగా. సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉన్న కార్యాలయంలో పేరు రాసి, మీరెక్కడున్నదీ తెలిపే జీపీఎస్ పరికరం తీసుకుంటారు. దారి అంటూ పెద్దగా ఏమీ లేదు. పొదలు, గడ్డకట్టిన లావా, 47 గుర్తు స్తంభాలు. ఒకటి దాటాక తర్వాతది ఎక్కడుందో చూసుకునే అడుగేయండి. పైన బిలం, అందులోంచి లేచిన చిన్న శంకువు. రాతి పగుళ్ల దగ్గర అరచెయ్యి పెడితే వెచ్చటి ఆవిరి తగులుతుంది. పీకో దీవి వయసు సుమారు మూడు లక్షల ఏళ్లే, దీవులన్నిటిలోకీ వయసులో చిన్నది.

దిగడమే కష్టం. మోకాళ్లు మొర పెట్టుకుంటుంటే ఒక స్తంభం దగ్గర కూర్చుని కాగితం తీస్తారు. ఇక మిగిలింది ఫయాల్ పడమటి కొసన కపెలిన్యూష్. 1957 సెప్టెంబరులో అక్కడ సముద్రం కుతకుతలాడింది. పదమూడు నెలల అగ్నిపర్వత విస్ఫోటనంలో బూడిద కురిసి లైట్‌హౌస్ కింది అంతస్తు పూడుకుపోయింది, వేలమంది ఊళ్లు వదిలి అమెరికా వెళ్లిపోయారు. రేపు వానట. ఫర్వాలేదు, అక్కడి మ్యూజియం బూడిద కిందే కట్టారు.