బంగారం కొట్టిన కాగితం

జిడ్డు చర్మానికి ఏ ప్రైమర్ రాయాలన్నది ఇవాళ మేకప్ కౌంటర్ల దగ్గర వినిపించే ప్రశ్న. జపాన్ కబుకి నటులకూ, క్యోటో గెయిషాలకూ ఈ చిక్కు ఎప్పుడో ఎదురైంది. తెల్లటి ఒషిరోయి పూత ముఖానికి పట్టాలంటే ముందు బిన్‌త్సుకె అనే మైనపు ముద్దను అరచేతుల్లో వేడెక్కేదాకా నలిపి, ముఖానికీ మెడకీ పల్చగా రుద్దుకోవాలి. అంటే, వాళ్ల ప్రైమరే ఒక జిడ్డు!

మరి పైకి తేలే నూనె సంగతి? దానికి జవాబు అలంకరణ గదిలో కాదు, బంగారు రేకు కొట్టేవాళ్ల దగ్గర దొరికింది.

జపాన్‌లోని కనజావా నగరంలో బంగారాన్ని ప్రత్యేకమైన కాగితాల మధ్య పెట్టి, మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు మందానికి సాగగొడతారు. చార్మినార్ దగ్గర వెండి వరఖు కొట్టే చప్పుడు విన్నవాళ్లకు ఆ దృశ్యం మరీ కొత్తేమీ కాదు. ఆ కాగితం తయారీయే పెద్ద తతంగం. గడ్డి బూడిద నీళ్లు, వగరు పెర్సిమన్ రసం, కోడిగుడ్డు కలిపిన ద్రవంలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ మళ్లీ కొడతారు. దెబ్బల మీద దెబ్బలు తిని పీచు నలిగిపోయి, ఇక రేకుకు పనికిరాదనుకున్న కాగితం ముఖం మీది నూనెను ఇట్టే పీల్చేది. పూత మాత్రం చెదిరేది కాదు. అబురతొరిగామి, అంటే నూనె తీసే కాగితం, అలా పుట్టింది.

1904లో క్యోటోలో మొదలైన యోజియా దుకాణం దీన్ని చిన్న పుస్తకంలా కట్టి అమ్మి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు బజారులో దొరికేవి చాలావరకు బంగారం ముఖం చూసినవి కావు. పాత పద్ధతి రేకు తయారీ మాత్రం 2020లో యునెస్కో జాబితాకెక్కిన జపాన్ కట్టడ నైపుణ్యాల్లో ఒకటి.