డిస్ట్రిబ్యూటర్ టైమింగ్: పాత పెట్రోలు కార్లలో పరీక్ష, సవరణ

పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ఏ క్షణాన పడాలో నిర్ణయించే అమరికే ఇగ్నిషన్ టైమింగ్. సిలిండర్‌లోని మిశ్రమం అంటుకుని మండడానికి కొంత వ్యవధి కావాలి కనుక పిస్టన్ పైకొసకు చేరకముందే స్పార్క్ పడాలి. ఎంత ముందన్నది క్రాంక్ షాఫ్ట్ డిగ్రీలలో చెబుతారు. పాత కార్లలో ఈ పని చేసేది డిస్ట్రిబ్యూటర్. షెడ్లలో దాన్ని డెల్కో అనే అంటారు.

కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం షెడ్లలో ఈ విద్య నిలిచింది అంబాసిడర్ టాక్సీల వల్ల. ధర్మవరం స్టేషన్‌లో దిగి పుట్టపర్తికి పోయే భక్తులను, కదిరి నరసింహస్వామి తేరుకు వచ్చే జనాన్ని మోసిన కార్లవి. 1950ల చివరి నుంచి అంబాసిడర్‌కు అమర్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుదీ, ఆ తర్వాతి 1798 సీసీ ఎంజీబీదీ ఇదే వంశం. వీటన్నిటిలో ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ తిరిగేది అపసవ్యంగా. అంబాసిడర్ టైమింగ్ పెట్టిన చేతికి ఎంజీ కొత్తగా అనిపించదు. డిగ్రీలు మాత్రం మారతాయి.

టైమింగ్ ముట్టుకోకముందు డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు చూడాలి; అవి తెరుచుకున్నప్పుడే స్పార్క్ పడుతుంది. ఈ వరుస తప్పితే పడ్డ శ్రమంతా వృథా. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. డ్వెల్ కోణంలో, అంటే పాయింట్లు మూసి ఉండే కోణంలో, ఒక డిగ్రీ తేడా వస్తే టైమింగ్‌లోనూ దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకు గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్ల మీద గుంత, మొటిమ ఏర్పడి ఉంటే ఫీలర్ గేజ్ చెప్పే కొలతను నమ్మలేం.

బల్బు పరీక్షకు ఇంజిన్ నడవనక్కరలేదు. ఒకటో సిలిండర్ ప్లగ్ విప్పి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజిన్ తిప్పితే గాలి వేలిని తోస్తుంది, అది కంప్రెషన్. పుల్లీ మీది గాటును ముందు మూతకున్న ముళ్లతో కలపాలి. బి-సిరీస్‌లో పొడవైన ముల్లు పైకొసకు గుర్తు, మిగతావి 5, 10 డిగ్రీలకు. ఇవి చాలా కార్లలో కిందివైపు, మురికిలో దాగి ఉంటాయి. సుద్దతో దిద్దుకుంటే మేలు. ఎంజీఏ 1500కు 7 డిగ్రీలు, తొలి ఎంజీబీలకు 10. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే టెర్మినల్‌కూ బాడీకీ మధ్య బల్బు కలిపి స్విచ్ వేయాలి. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ బల్బు వెలగదు. క్లాంప్ వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను ముందు అపసవ్యంగా జరిపి, తర్వాత సవ్యంగా మెల్లగా తిప్పుతూ వస్తే బల్బు వెలిగిన చోటే స్పార్క్ పడే చోటు. అక్కడే బిగించాలి.

స్ట్రోబ్ లైటు దీనికన్నా ఎక్కువ చెబుతుంది. వాక్యూమ్ పైపు తీసి మూసి చూస్తే, తొలి ఎంజీబీకి 600 ఆర్‌పీఎం దగ్గర 14 డిగ్రీలు కనిపించాలి. ఎక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ గుర్తు ముందుకు సాఫీగా జరగాలి. కదలకపోతే, వేగంతోపాటు టైమింగ్‌ను ముందుకు జరిపే లోపలి బరువులు తుప్పుతో పట్టేసినట్టు. ఒకచోట నిలవక వణుకుతుంటే షాఫ్ట్ బుష్ అరిగినట్టు అనుమానించాలి. బుష్ పోయిన డిస్ట్రిబ్యూటర్‌కు ఎన్నిసార్లు టైమింగ్ పెట్టినా నిలవదు.

చెవితో పెట్టే పద్ధతి షెడ్లలో నేటికీ ఉంది: ఇంజిన్ ఎక్కడ చురుగ్గా తిరిగితే అక్కడ బిగించడం. ఇందులో మోసం ఉంది. బరువు లేని ఐడ్లింగ్‌లో ఇంజిన్ అవసరానికి మించిన అడ్వాన్స్‌నైనా హాయిగా భరిస్తుంది. నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటక కొట్టడం, బయటపడేది నలుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడే. కాబట్టి చెవికి పని చెప్పాల్సింది రోడ్డు మీద. టాప్ గేర్‌లో గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఎక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే క్షణంపాటు సన్నగా నాక్ కొట్టి ఆగిపోవాలి. ఆగకపోతే కొద్దిగా రిటార్డ్ చేయాలి, అంటే స్పార్క్‌ను వెనక్కి జరపాలి. పాత లూకాస్ యూనిట్లకు ఇందుకోసమే ఒక చిన్న నట్ ఉంటుంది. 11 క్లిక్కులు ఒక డిగ్రీకి సమానం.

అలాగని భయంతో మరీ రిటార్డ్ చేయడమూ చేటే. మంట ఆలస్యమై ఆ వేడి ఎగ్జాస్ట్‌కూ నీళ్లకూ ఎక్కుతుంది, బండి లాగదు. రాయలసీమ మే నెల ఎండల్లో మరిగిపోయిన కారుకు చాలామంది రేడియేటర్‌నే తప్పుపడతారు. పెట్రోలు కూడా మారింది: బీఎస్-6 మామూలు పెట్రోలుకు కనీసం 91 ఆక్టేన్ ఉండాలి, 20 శాతం ఇథనాల్ కలిపిన దానికి 95. నాకింగ్‌ను తట్టుకునే శక్తి పెరిగినందున పుస్తకంలోని అంకెను ఆరంభంగా తీసుకుని రోడ్డు మీద సరిచూసుకోవాలి.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కియా కర్మాగారం నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లో డిస్ట్రిబ్యూటరే లేదు. స్పార్క్ సమయాన్ని సెన్సర్లు చూసి కంప్యూటర్ లెక్కగడుతుంది. పాత కార్లవాళ్లు కొందరు డిస్ట్రిబ్యూటర్ ఉంచుకుని పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగిస్తున్నారు. దానితో గ్యాప్ బాధ తీరుతుంది కానీ టైమింగ్ మాత్రం చేత్తోనే పెట్టాలి. తెరుచుకునే పాయింట్లు ఉండవు కాబట్టి అక్కడ బల్బు పద్ధతిని నమ్ముకోకూడదు, స్ట్రోబ్ లైటే వాడాలి.