మునేటి తీరపు విదుషీమణి

నందిగామ, జగ్గయ్యపేటల నడుమ మునేటి యొడ్డున పెనుగంచిప్రోలు కలదు. తిరుపతమ్మ తిరునాళ్ళకు ఏటేట వేలకొలది జనులు ఆ యూరికి పోవుదురు. 1874లో ఆ యూర జన్మించి, బడి యెరుగకయే బహుభాషలు నేర్చిన భండారు అచ్చమాంబను తలచుకొనువారు మాత్రము అరుదు. ఆమె చదువుకొన్న తీరును మనము నేడు స్మరింతము.

ఆరవయేట ఆమెకు తండ్రి గతించెను, పదవయేట వివాహమయ్యెను. అప్పటికి చదువు లేదు. భర్త మాధవరావుగారి యుద్యోగమును బట్టి కాపురము మధ్యపరగణాల వైపునకు మారెను. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కయింటనే యుండి చదువుకొనెను. అతడు ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడు. అతడు పాఠములు చదువునపుడు అక్క ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ నేర్చెను. పిదప మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలను, కొంత సంస్కృతమును స్వయంకృషిచే సాధించెను. ఆ చదువునకు పరీక్ష లేదు, పట్టము లేదు.

చదువుట యొక యెత్తు. చదివినదానిని గూర్చి వ్రాయుట మరియొక యెత్తు. స్త్రీలు స్వభావముచేతనే బుద్ధిహీనులనియు, విద్య గరపినచో చెడిపోదురనియు నాడు పలువురు వాదించుచుండిరి. అచ్చమాంబ దానికి స్త్రీల చరిత్రములనే సాక్ష్యముగా చూపెను. భారతదేశ చరిత్రలోని స్త్రీలను ఒక భాగమునను, వేదపురాణములలోని వారిని వేరొక భాగమునను, విదేశవనితలను ఇంకొక దానను వర్ణింప సంకల్పించెను. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగము వెలువడెను. అందు జ్యోతిషమున దిట్టయైన ఖన కథ కలదు. మామను మించి గణించినందుకు ఖన నాలుకను కోల్పోయెనని వంగదేశపు ఐతిహ్యము. చదువు నిషిద్ధమైన కాలమున, తానై చదువుకొన్న స్త్రీ ఆ కథను తెనుగున వ్రాయుట సామాన్యమా?

1902లో ఆమె మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజ స్థాపనకు తోడ్పడెను; ‘ధనత్రయోదశి’ వంటి కథలను వ్రాసెను. తలపెట్టిన గ్రంథము పూర్తికాకమునుపే 1905లో, ముప్పదియేండ్ల ప్రాయమున, పరమపదించెను. మరుసటి యేడు తమ్ముడు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రను, శాస్త్రములను తెనుగు పాఠకుల యిండ్లకు చేర్చ పూనుకొనెను.

మన యిండ్లలో బిడ్డ పాఠము వల్లించుచుండగా ప్రక్కన చెవియొగ్గి కూర్చున్న తల్లిని, అక్కను ఒక్కసారి చూతము. ఆమె చేతికి ఒక పుస్తకమును, దానితోపాటు ఒక కలమును అందింతము. అచ్చమాంబకు మనమీయదగిన నివాళి యదియే.