మోగిన అలారం, వినపడని సైరన్

ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో నలుగురు తెలుగువాళ్ళం ఒకే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. పప్పులో తాలింపు పెట్టినప్పుడల్లా స్మోక్ డిటెక్టర్ కుయ్యోమని గోల. మా సీనియర్ ఒకాయన చిట్కా చెప్పాడు: దానికో ప్లాస్టిక్ కవర్ తొడిగి రబ్బర్ బ్యాండ్ వేసెయ్యండ్రా అని. వేసేశాం. మీలో ఈ పని చెయ్యనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి :)

చాలా రోజుల తర్వాత సీటన్ హాల్ కథ చదివాను. న్యూజెర్సీలోని సౌత్ ఆరెంజ్‌లో ఉన్న యూనివర్సిటీ అది. 2000 జనవరి 19, తెల్లవారుజామున నాలుగున్నర. బోలాండ్ హాల్ అనే ఆరంతస్తుల హాస్టల్, దాదాపు 600 మంది, ఎక్కువగా ఫస్టియర్ పిల్లలు. మూడో అంతస్తు లౌంజ్‌లో సోఫా అంటుకుంది. అలారం మోగింది! కానీ సెప్టెంబరు నుంచి అప్పటికే 18 సార్లు ఉత్తుత్తినే మోగింది. దాంతో చాలామంది "మళ్ళీ మొదలు" అనుకుని దుప్పటి కప్పుకున్నారు. ముగ్గురు చనిపోయారు, యాభై మందికి పైగా గాయపడ్డారు. 1952లో కట్టిన ఆ భవనంలో స్ప్రింక్లర్లు లేవు. అప్పటి చట్టం ప్రకారం ఉండక్కర్లేదు కూడా. అదే ఏడాది న్యూజెర్సీ డార్మిటరీలన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి చేసింది. నిప్పు పెట్టింది సరదాకి ఇద్దరు విద్యార్థులేనని తేలి, వాళ్ళకి శిక్ష పడేసరికి 2007 వచ్చింది.

ఆ పిల్లల్ని తప్పు పట్టడానికి నాకు నోరు రావట్లేదు. ఆన్‌కాల్‌లో రాత్రికి యాభై అలర్ట్‌లొస్తే మనం చేసేదేంటి? మెయిల్‌కి ఒక ఫిల్టర్ పెట్టి పడుకోవడమే కదా. ఆ యాభైలో నిజమైనది ఏదో ఎవడికి తెలుసు?

దీనికి పూర్తిగా తిరగేసిన కేసు మన వాళ్ళదే. 2014 జూన్ 8, హిమాచల్‌లోని మండీ జిల్లా తలౌట్ దగ్గర. హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు మనాలి వెళ్తూ బియాస్ నదిలో రాళ్ళెక్కి ఫోటోలు దిగుతున్నారు. నీళ్ళు తక్కువగానే ఉన్నాయి. పైనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టులో ఉత్పత్తి తగ్గించారు, వాడని నీళ్ళని గేట్లెత్తి వదిలేశారు. నిమిషాల్లో నది ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో ఉన్న టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి వెతికారు. సైరన్ మోగించామని ప్రాజెక్టు వాళ్ళు అన్నారు. మోగిందే అనుకుందాం, అక్కడున్న వాళ్ళకి వినపడని సైరన్ ఎవరి కోసం? పైగా హైదరాబాద్ నుంచొచ్చిన కుర్రాడికి ఆ మోతకి అర్థం గేట్లెత్తడమని ఎలా తెలుస్తుంది?

2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇమ్మంది. అందులో విద్యుత్ బోర్డు వాటా 60 శాతం, కాలేజీది 30, రాష్ట్ర ప్రభుత్వానిది 10. కాలేజీకి 30 శాతం అన్నది నాకు నచ్చింది. టూరుకి తీసుకెళ్ళాక బస్సు దింపేసి చేతులు దులుపుకోవడం కుదరదన్నమాట.

ఆ జూన్‌లో నేను ఇంటర్‌లో చేరుతున్నాను. టీవీలో రాత్రీ పగలూ అదే వీడియో. తర్వాత నా ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఏ టూరుకి బయల్దేరినా అమ్మది ఒకటే మాట, "నీళ్ళల్లోకి దిగకు నాన్నా". విసుక్కునేవాణ్ణి.

అన్నట్టు, మా డిటెక్టర్ కవర్ ఇల్లు ఖాళీ చేసే రోజున తీశాం. భయమేసి కాదు, డిపాజిట్‌లో కోస్తారని.