నారాయణయ్య వ్యాజ్యము: అడుగని ప్రశ్న

తండ్రియే బిడ్డకు సహజ సంరక్షకుడను సూత్రమును, బిడ్డ క్షేమమే ముఖ్యమను సూత్రమును 1890 నాటి సంరక్షకుల చట్టమునందు పక్కపక్కనే ఉండినవి. ఇది అందఱెఱిగినదే. నేను నిలిచి చూడగోరునది 1914లో నాటి తుది అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిలు తీర్చిన నారాయణయ్య వ్యాజ్యమును. దివ్యజ్ఞాన సమాజాధ్యక్షురాలు అనీబిసెంటు గెలిచెను, తండ్రి ఓడెను అని దానిని ఒక్క ముక్కలో ముగించుట వాడుకయైనది. తీర్పును చదివినవారికి ఆ మాట నిలువదు.

మదనపల్లెలో జన్మించి, తరువాత తత్త్వవేత్తగా పేరొందిన కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందమును తండ్రి జిడ్డు నారాయణయ్య 1910 మార్చి 6 నాటి పత్రముతో బిసెంటమ్మకు అప్పగించెను. పిమ్మట బిసెంటమ్మ సహచరుడగు లెడ్‌బీటరు సాంగత్యము పిల్లలకు కీడని తలచి, వారు ఇంగ్లండులో నుండగా 1912లో దావా వేసెను. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి బేక్‌వెల్ 1913లో వారిని కోర్టు పోష్యులుగా ప్రకటించి, తండ్రికి అప్పగింపుమనెను. ప్రీవీ కౌన్సిలు దీనిని కొట్టివేసిన మాట నిజమే. కాని సంరక్షకత్వము పవిత్రమైన న్యాసమనియు, తండ్రి దానిని పరాధీనము చేయజాలడనియు, బిడ్డ పోషణమును ఒకరికి అప్పగించినను మరల తీసికొనవచ్చుననియు, అయితే ఆ యప్పగింతవలన ఏర్పడిన అనుబంధములను త్రెంచుట బిడ్డకు చేటయినచో కోర్టు అడ్డుపడవచ్చుననియు చెప్పినది ఆ కౌన్సిలే. అనగా సిద్ధాంతమున తండ్రి హక్కు చెక్కుచెదరలేదు. దావా విఫలమైనది అధికార పరిధి లేమిచేతను, పిల్లల తరఫున ఎవరును లేకపోవుటచేతను, వారి యభీష్టమును తెలిసికొనకపోవుటచేతను. పదునెనిమిదేండ్లకు చేరువైన బాలుని "నీకేమి కావలెను?" అని అడుగకయే మద్రాసులో తీర్పు వెలువడినదని తలచినపుడు నా మనస్సు కలుక్కుమనును. తండ్రి వ్యథ కల్లయని నేననను. ఆ వ్యథయు, బిసెంటమ్మ ఆశయమును పోరుచుండగా పిల్లల గొంతు మఱుగుపడెననియే నా వాదము.

ఆపై 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము క్షేమసూత్రమును దృఢపఱచినది; 1999 నాటి సుప్రీంకోర్టు తీర్పు తండ్రి బ్రదికియున్నను తల్లి సంరక్షకురాలు కాగలదనెను; 2020లో వీడియో కాల్ ద్వారానైనను ఎడబాటులోనున్న తల్లికో తండ్రికో బిడ్డతో మాటలాడు అవకాశము ఉండవలెనని ఆ కోర్టే పలికెను. ఇవన్నియు మేలే. అయినను, కోర్టు ఆవరణలో బల్లమీద కూర్చుండి, గడియారము చూచుకొనుచున్న పెద్దల నడుమ బిస్కట్టు పొట్లము విప్పుచున్న బిడ్డను చూచినపుడు, తల్లినో తండ్రినో కలిసికొను ఆ గంట ఎవరి హక్కుగా ఈయబడినదో తేటతెల్లమగును. తెలిసిన వయస్సు గల బిడ్డ యిష్టమును న్యాయమూర్తి పరిగణింపవచ్చునని మాత్రమే 1890 చట్టము పదునేడవ సెక్షను చెప్పుచున్నది. వినితీరవలెనని నేటికిని చెప్పదు.