చివర హెచ్ లేని షేక్‌లు

శీన్, యే, ఖే. ఉర్దూలో మూడే హరఫులు. మా ఉర్దూ మీడియం బడిలో మౌల్వీ సాబ్ హాజరీ పిలిచేటప్పుడు ఆ చివరి ఖేని హలఖ్‌లోంచి గీరి మరీ పలికేవారు. తర్వాత నేను తెలుగు డిగ్రీలో చేరితే, అదే పేరు లెక్చరర్ నోట మెత్తగా 'షేక్' అయింది. రెండూ విని పెరిగిన చెవులు నావి. బహుశా అందుకే పేరు చివర ఒక్క అక్షరం ఉందా లేదా అన్నది నాకు చిన్న సంగతిగా తోచదు.

ఇంగ్లీషులో ఈ పేరు రాయడానికి ముఖ్యంగా నాలుగు తీర్లున్నాయి. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఎస్ హెచ్ ఏ ఐ కే హెచ్ అంటారు. కశ్మీర్‌లో, బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో ఏ బదులు ఈ వస్తుంది. అబ్దుల్లా గారి పేరుకు ముందు, ముజిబుర్ రహ్మాన్ గారి పేరుకు ముందు మనం చూసేది అదే. తమిళనాడుకు దిగితే చివరి హెచ్ రాలిపోయి ఎస్ హెచ్ ఈ ఐ కే మిగులుతుంది. ఇక ఎస్ హెచ్ ఏ ఐ కే, ఆ తర్వాత ఏమీ లేదు అంటే ఆ మనిషి వతన్ అడగక్కర్లేదు. నూటికి తొంభై పాళ్లు గుంటూరో, నెల్లూరో, ఒంగోలో, కడపో, ఖమ్మమో. పాత్రికేయుడిగా ఇరవై ఏళ్లకు పైగా పేర్లు దిద్దుతూ గడిపినవాణ్ని, ఈ అంచనా నాకు తప్పిపోయిన సందర్భాలు తక్కువ.

ఆ స్పెల్లింగ్‌నే కాస్త తీరిగ్గా చూడండి. 'ఏ ఐ' ఉర్దూ తలఫ్ఫుజ్ నుంచి వచ్చింది. శీన్ మీద జబర్ ఉంది కాబట్టి అసలు పలుకు 'షైఖ్'. చివర 'కే' మాత్రం తెలుగు నాలుక. తెలుగులో ఖ ఉంది గానీ అది గొంతులో గీరే ఖే కాదు, పైగా మాట చివర ఒత్తు పలకడం మన ఊళ్లలో లేదు. అంటే ఆ అయిదు ఇంగ్లీషు అక్షరాల్లో తల ఉర్దూది, తోక తెలుగుది. తమిళంలో ఒత్తక్షరాలే లేవు, అందుకే అక్కడా హెచ్ పోయింది, కానీ అచ్చు మారింది. ఒక్క అచ్చుతో సూళ్లూరుపేటకు అటు ఇటు సరిహద్దు గీయొచ్చు.

దీనికి నాకు బాగా నచ్చిన మిసాల్ నాదస్వర విద్వాంసులు చిన మౌలానా గారు. పుట్టింది 1924లో, ఒంగోలు దగ్గర కరవదిలో. స్థిరపడింది కావేరి ఒడ్డున శ్రీరంగంలో. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి, మరుసటి ఏడాది ఇంతిఖాల్. ఆయన పేరు ముందున్న షేక్‌కు ఇంగ్లీషులో ఎక్కువగా కనిపించేది తమిళ స్పెల్లింగే. మనిషి మారిన నేలను పేరు కూడా పట్టుకుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి బుర్రకథకు దేశమంతా పేరు తెచ్చిన నాజర్ గారు ఇక్కడే ఉన్నారు. ఆయన షేక్‌కు మన స్పెల్లింగే.

అసలు మాట అరబ్బీది. మొదట్లో దాని అర్థం వయసు మళ్లినవాడు, పెద్దమనిషి అనే. తర్వాత కబీలా సర్దార్, ఆలిమ్, ఉస్తాద్, పీర్ ఇలా ఎదుగుతూ పోయింది. గల్ఫ్‌లో పాలక ఖాందాన్‌ల వాళ్ల ముందు వస్తుంది కాబట్టి, దుబాయ్‌లో డ్రైవర్‌గా దిగిన మన కడప కుర్రాడి అఖామా మీద అదే మాట చూసి అక్కడివాళ్లు నవ్వుకుంటారని తిరిగొచ్చినవాళ్లు చెబుతుంటారు. అక్కడ అది లఖబ్. మన దగ్గర అది ఇంటిపేరు.

లఖబ్ ఇంటిపేరు ఎలా అయింది? హిందుస్తాన్‌లో షరీఫులుగా చెప్పుకునేవాళ్లు తమను నాలుగు పాయలుగా పంచుకున్నారు: సయ్యద్, షేక్, మొగల్, పఠాన్. సిద్దీఖీ, ఫారూఖీ, ఉస్మానీ అంటూ ఖురైష్ దాకా షజరా చూపేవాళ్లు షేక్‌లే. మరోపక్క, కొత్తగా కలిమా చదివినవాళ్లు కూడా ఎక్కువగా షేక్‌లే అయ్యారు. మిగతా మూడింటికీ నసబ్ కావాలి, షేక్‌కు తలుపు తెరిచే ఉంది. అల్లామా ఇక్బాల్ పూర్వీకులు కశ్మీరీ బ్రాహ్మణులు, సప్రూలు. ఆయన పూర్తి పేరు షేక్ ముహమ్మద్ ఇక్బాల్. పాకిస్తాన్ పంజాబ్‌లో వ్యాపారం చేసే షేక్‌లలో చాలామంది ఒకప్పటి ఖత్రీలు. బ్రిటిష్ జమానాలో జనాభా లెక్కలు తీసిన అధికారులు ఉత్తరాది సామెత ఒకటి రాసుకున్నారు: మొన్నటిదాకా చేతిపని చేసుకునేవాళ్లం, నిన్న షేక్‌లమయ్యాం, ఈసారి గల్లా ధర బాగుంటే సయ్యదులం అవుతాం అని దాని సారం. అందులో వెటకారం ఉంది. నాకు మాత్రం ఆ తెరిచిన తలుపే ముచ్చటేస్తుంది. మన తాతముత్తాతల్లో నేత నేసినవాళ్లు, దూది ఏకినవాళ్లు, పొలం దున్నినవాళ్లు లేరని ఏ షజరా చూపించి చెప్పగలం?

తెలుగునేల మీద ఇంకో పని జరిగింది. ఇక్కడ ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. కొండవీటి, వేమూరి, నందమూరి అన్నట్టే షేక్ కూడా ముందు వచ్చి నిలబడింది. ముంబైలో అదే పేరు చివరికి పోతుంది, ఎందుకంటే అక్కడ పక్కింటివాళ్ల ఇంటిపేరు చివర ఉంటుంది. పక్కింటివాళ్లలా ఉండటం ఎలాగో మన పేర్లకు మనకంటే ముందే తెలుసు.

అయితే తెలుగు ముస్లింలంతా ఒకే తీరు అనుకోవద్దు. కోస్తా వైపు ఓటరు జాబితాలో 'ఎస్‌కే' వరసగా కనిపిస్తే, వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు 'ఎండీ'లు బారులు తీరతారు. హైదరాబాద్ పాతబస్తీలో మీర్, మీర్జా, ఖాన్ కలుస్తాయి. దీనికి చరిత్రలో కారణం ఉందని నా నమ్మకం. నిజాం చేతిలోంచి ఉత్తర సర్కారులు 1766లో, గుంటూరు 1788లో, రాయలసీమ జిల్లాలు 1800లో కంపెనీకి పోయాయి. ఆర్కాటు నవాబు చేతిలో ఉన్న నెల్లూరు 1801లో పోయింది. అప్పట్నుంచి అక్కడి ముస్లిం పేర్లను రాసింది మద్రాసు ప్రెసిడెన్సీ గుమాస్తాలు, కరణాలు, బడిపంతుళ్లు. వాళ్ల రిజిస్టర్‌కు ఒక ఇంటిపేరు కావాలి, అడిగితే వచ్చిన జవాబు 'షేక్'. ఇటు నిజాం రాజ్యంలో దఫ్తర్ ఉర్దూలో నడిచింది, 1918లో మొదలైన ఉస్మానియా చదువు కూడా ఉర్దూలోనే. అక్కడ పేరు పేరుగానే ఉండిపోయింది, దానికి ఇంటిపేరు గది అవసరం పడలేదు. ఇంగ్లీషు ఫారం ముందు కూర్చునే ముసీబత్ వాళ్లకు 1948 తర్వాతే పెద్దగా ఎదురైంది. అప్పుడు ముందున్న ముహమ్మద్ అనే బర్కత్ మాట సర్‌నేమ్ గదిలోకి జారింది.

ఇన్నాళ్లూ ఈ తేడాలు పెళ్లి మాటల్లో తప్ప పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించాక, ఆ బండరాళ్ల నేల మీదికి గుంటూరు, నెల్లూరు, కడప, ఖమ్మం పిల్లలంతా వచ్చి పడ్డారు. వాళ్లతో పాటు ఎస్‌కేలు, ఎండీలు ఒకే లిఫ్టులో ఎక్కారు. గచ్చిబౌలిలో పనిచేసే మా భాంజా ఒకసారి చెప్పాడు: ఆఫీసు చాట్‌లో 'షేక్' అని కొడితే జాబితా దిగుతూనే ఉంటుందట, తన టీమ్‌లోనే ముగ్గురట. అమెరికా మేనేజర్‌కు అది మొదటి పేరులా కనిపించి ముగ్గుర్నీ 'హాయ్ షేక్' అంటాడు, ముగ్గురూ తలెత్తుతారు. టీవీ స్కోర్‌బోర్డు మాత్రం చివరి మాట తీసుకుంటుంది కాబట్టి, 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్‌గా ఉన్న మన గుంటూరు కుర్రాడు అందరికీ రషీద్‌గానే తెలుసు. లోకానికి చివరిది ఇంటిపేరు, మనకు చివరిది మనిషి. తిరకాసంతా అక్కడే.

ఈ కారిడార్‌కు మన పేరు కొత్తేం కాదు, ఆ మాటా చెప్పుకోవాలి. మెహదీపట్నం నుంచి టోలిచౌకి దాటి రాయదుర్గం వెళ్లే దారిలో షేక్‌పేట ఉంది. కుతుబ్‌షాహీల నాటి సరాయి అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. గోల్కొండకు సరుకు తెచ్చిన కారవాన్‌లు దిగిన చోటది. 2022 జనవరి 1న తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్ మీంచి రోజూ వేలమంది ఐటీ పిల్లలు గచ్చిబౌలి వైపు దూసుకుపోతారు. పచ్చబోర్డు మీద ఇంగ్లీషులో చూడండి, ఎస్ హెచ్ ఏ ఐ కే. అక్కడా హెచ్ లేదు.

పాస్‌పోర్టు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. అందులో రెండు గదులు, సర్‌నేమ్ ఒకటి, గివెన్ నేమ్ ఒకటి. మొదటిది ఖాళీగా వదిలి పేరంతా రెండోదాంట్లో రాస్తే, అమెరికా వీసా మీద పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, మొదటి పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని భావం. అమ్మీ అబ్బా అఖీఖా చేసి పెట్టిన పేరుండగా, పిల్లవాడు పరాయి దేశంలో 'తెలియదు'గా దిగుతాడు. 2022 నవంబర్‌లో యూఏఈ ఇంకో అడుగు వేసి, పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమంది. మన ఇళ్లలో ఉట్టి 'ఖాసిం'గా, ఉట్టి 'మస్తాన్‌బీ'గా బతికిన పెద్దవాళ్లెంతమంది!

మా ఖాలా ఇంట్లో జరిగింది చెబుతాను. ఖాలూ టెన్త్ మెమోలో హెచ్ లేదు. ఖాలా ఆధార్‌లో ఎవరో ఆపరేటర్ హెచ్ కలిపాడు. పెద్దకొడుకు సర్టిఫికెట్లలో ఉట్టి ఎస్‌కే. మనవడు పుట్టాడని అమెరికా వెళ్లాలనుకుంటే, ముగ్గురూ ఒకే ఖాందాన్ అని నిరూపించడానికి అఫిడవిట్లతో నెలలు గడిచాయి. వాళ్లు బయల్దేరేసరికి బిడ్డ అడుగులు వేస్తున్నాడు. ఇది వీసా సంగతి, ఆలస్యంతో పోయింది. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన ఎన్‌ఆర్‌సీ తుది జాబితాలో 19 లక్షల మందికి చోటు దక్కలేదు. కాగితానికీ కాగితానికీ స్పెల్లింగ్ కలవక నలిగిపోయినవాళ్ల కథలు అప్పుడు ఎన్నో చదివాం.

అందుకే 'సరైన ఉర్దూ ప్రకారం' అంటూ ఇప్పుడు పిల్లల పేర్లకు హెచ్ తగిలిస్తున్న తల్లిదండ్రులను చూస్తే నాకు దిగులు. మఖ్రజ్ సరిచేయాలంటే నోట్లో సరిచేయండి, ఖే బాగా పలికించండి, సంతోషం. కాగితం మీద మాత్రం దాదా రాసిన స్పెల్లింగే బిడ్డకు గొలుసు. ఆ హెచ్ లేకపోవడం గుమాస్తా అజ్ఞానం కాదు, మనం ఎక్కడివాళ్లమో చెప్పే ఠికానా. సముద్రం దాటినా అది చెరగలేదు. 1860లో మద్రాసు రేవు నుంచి 'ట్రూరో' ఓడ కూలీలను నటాల్‌కు తీసుకుపోయింది, ఆ తర్వాత యాభై ఏళ్లు తెలుగు, తమిళ కూలీలు వెళుతూనే ఉన్నారు. డర్బన్‌లో నేటికీ హెచ్ లేని షేక్‌లున్నారు.

పేరు పూర్తిగా చెరిపేసినా ఏమవుతుందో మన హైదరాబాదే చూసింది. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్‌కూ ఖైరున్నిసా బేగంకూ పుట్టిన పిల్లలు ఇక్కడ సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో వాళ్లను ఇంగ్లండ్ పంపారు. బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్‌లుగా మార్చారు. అది బ్రిటన్‌లోనూ ప్రతి వీధిలో వినిపించే పేరు కాదు, స్కాట్లండ్ ప్రాంతపు ఇంటిపేరు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ పేరు కథ సగమే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం వెనకబడిన ముస్లింలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. పద్నాలుగు వర్గాల జాబితాలో అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు ఉన్నారు. షేక్ కూడా ఉంది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. ఒకప్పుడు షరాఫత్ కోసం పెట్టుకున్న పేరు ఇప్పుడు వెనకబాటుకు సనద్ అయింది. ఆ తెరిచిన తలుపు గుండా లోపలికి వచ్చినవాళ్లెవరో ఈ చట్టం చక్కగా పసిగట్టిందని నేనంటాను. సయ్యద్, మొగల్, పఠాన్ వంటివి మినహాయింపుల్లో ఉన్నాయి. ఆ మినహాయింపుల్లోనే సయ్యద్ పక్కన 'ముషాయిక్' అని ఇంకో మాట ఉంది. అరబ్బీ చదివినవాళ్లు ఇక్కడ నవ్వకుండా ఉండలేరు. మషాయిఖ్ అంటే షేఖ్‌కు జమా, బహువచనం. చట్టంలో ఏకవచనానికి కోటా ఉంది, బహువచనానికి లేదు.

మా పత్రిక క్లాసిఫైడ్ పేజీలో పేరు మార్పు ప్రకటనలు వస్తూనే ఉంటాయి. అందులో కొత్త పెళ్లికూతుళ్లవి ఎక్కువ. సియాహాలో పుట్టింటి పేరుతో సంతకం పెట్టిన అమ్మాయి, పాస్‌పోర్టు కోసం ఆరు నెలల్లో సయ్యద్ నుంచి షేక్‌లోకో, షేక్ నుంచి మొహమ్మద్‌లోకో మారుతుంది. నికాహ్‌తో ఆడపిల్ల పేరు మారాలని మన దీన్‌లో ఎక్కడా లేదు. అది తెలుగు రివాజు, ఆ వెనక ఇంగ్లీషు రివాజు. మొన్నొక ప్రకటన దిద్దాను. అమ్మాయి ఇంటిపేరూ షేకే, అబ్బాయి ఇంటిపేరూ షేకే. అయినా మార్పు కోరింది. అత్తగారింట్లో హెచ్ ఉందట.